చెరిపినా తిరిగొచ్చే లైను

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు మనుషులు, ఒక పిల్లి.

మొదటివాడు పెద్దాయన. వంతెనల చరిత్ర మీద ఏళ్ళ తరబడి ఒకటే పుస్తకం రాస్తున్న పండితుడు. మేడ మీద పుస్తకాల గదిలో నిచ్చెన మీది నుంచి పడి, ప్రస్తుతం ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు కాబట్టి ఆయన్ని అడగడానికి లేదు. రెండో మనిషి ఆయన భార్య. తలనొప్పి మాత్ర మింగి, వెనకగదిలో తలుపేసుకుని పడుకున్నానని చెప్పింది. మూడోవాడు ఆయన తమ్ముడు. సోఫా బాగుచేసేవాడితో గేటు దగ్గర గొడవపడుతున్నాడు. ఆ గొడవ వీధి వీధంతా విన్నది కాబట్టి అతన్ని అనుమానించడానికి ఎవరికీ నోరు రాలేదు. నాలుగోది చుక్కలమ్మాయి. పెద్దాయన పుస్తకాన్ని కంప్యూటర్‌లో టైపు చేసి సరిదిద్దే రీసెర్చ్ విద్యార్థిని. పుస్తకం చివర ఉండే బిబ్లియోగ్రఫీలో కామాలు తీసి చుక్కలు పెట్టడమే రోజంతా ఆమె పని కాబట్టి, తమ్ముడుగారు ఆమెకి ఆ పేరు పెట్టాడు. చివరికి ఆమె కూడా ఆ పేరుకే పలకడం మొదలుపెట్టింది.

పిల్లి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తెలిసినా అది సాక్ష్యం చెప్పదు.

ఈ నలుగురి సంగతీ భూతద్దం పొద్దుట్నుంచి మూడుసార్లు విన్నది. భూతద్దం అంటే మన డిటెక్టివ్. ఆవిడ దగ్గర నిజంగా భూతద్దం ఎప్పుడూ లేదు. ఉన్నది ఒక పాత కళ్ళజోడు, దానికి ఒక కాలు లేదు. ఆయన పడ్డ రోజు రాత్రే ఇంటావిడ ఫోన్ చేసి, "ఆ పిల్ల ఏ పాపం ఎరగదు, పోలీసులు తీసుకెళ్ళకుండా నువ్వే చూడాలి" అని బతిమాలింది. సరేనని వచ్చి చూస్తే, కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ తన సొంత చెల్లెలి మొగుడు. దాంతో ఆవిడ ఓపిక సగం గుమ్మంలోనే అయిపోయింది.

"వదినా, మళ్ళీ మొదటికి రాకు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ముందుగదిలో సోఫా చేతి మీద కూర్చుని. "జీపు పెట్రోలు కొట్టించుకోడానికి వెళ్ళింది. అది తిరిగి రాగానే ఈ అమ్మాయిని తీసుకుని నేను వెళ్ళిపోతాను. అప్పటిదాకా నువ్వు ఎన్ని ప్రశ్నలైనా అడుక్కో. ఇంట్లో మీ చెల్లెలు నన్ను సాధించకూడదు కాబట్టి ఒప్పుకుంటున్నాను."

"మీ దయ మరిదిగారూ. మరి ఆ సోఫా మీద కాళ్ళు పెట్టకండి. నిన్నంతా దాని గురించే కొట్టుకున్నారట."

ఇన్‌స్పెక్టర్ కాళ్ళు దించాడు. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

చుక్కలమ్మాయి కుర్చీ అంచున కూర్చుని ఉంది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. చున్నీ కొసని వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, అది తాడులా తయారైంది. ఈమె మీద పెట్టబోతున్న కేసు చిన్నదేం కాదు. పెద్దాయన్ని నిచ్చెన మీది నుంచి తోసిందని. ఆయన కళ్ళు తెరవకపోతే అది హత్య అవుతుంది.

"ఇంకోసారి చెప్పమ్మాయ్," అంది భూతద్దం. "ఆయన పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే మేడమ్. ఈ కంప్యూటర్ ముందు. మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నదాన్ని లేవలేదు. మూడు దాటాక పైన పెద్ద చప్పుడైంది. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. సార్ కింద పడున్నారు. నేను అరిచాను. బాబాయిగారు గేటు దగ్గర్నుంచి నా వెనకే వచ్చారు."

"బాబాయిగారంటే సార్ తమ్ముడు."

"అవునండీ. ఆయనే అంబులెన్సుకి ఫోన్ చేశారు."

"మరి ఇంటావిడ?"

"పిన్నిగారు అంబులెన్సు వచ్చాక లేచొచ్చారు. మాత్ర వేసుకున్నారు కదండీ, వినపడలేదు."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు నేను చెప్తాను విను వదినా. నిన్న పొద్దున ఈ అమ్మాయి ఆయన మీద కేకలేసింది. 'ఇంకొక్కసారి మార్చమన్నారంటే ఈ ఇంట్లో మీరైనా ఉండాలి, నేనైనా ఉండాలి' అంది. గేటు దగ్గరున్న తమ్ముడికి కూడా వినపడింది. అన్నావా, లేదా?"

"అన్నాను సార్. కోపంలో అన్నాను."

"దేని గురించి కోపం?"

చుక్కలమ్మాయి నీళ్ళు నమిలింది. "కామాల గురించి."

"విన్నావా?" ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ పైకెత్తాడు. "ఇరవయ్యేళ్ళ సర్వీసులో పొలం గట్టు కోసం కొట్టుకున్నవాళ్ళని చూశాను, కోడిపిల్ల కోసం కొట్టుకున్నవాళ్ళని చూశాను. కామా కోసం మనిషిని తోసెయ్యడం ఇదే చూడటం."

"నేను తొయ్యలేదు!"

"సరే. తొయ్యలేదు. ఇక్కడ కూర్చుని పని చేస్తున్నావు. ఏం పని?"

"బిబ్లియోగ్రఫీలో రచయిత పేరు తర్వాత కామా ఉంటుందండీ. సార్‌కి అక్కడ చుక్క ఉండాలి. సంవత్సరం చుట్టూ బ్రాకెట్లు ఉండకూడదు. అన్నీ మార్చాను. మొదట్నుంచి చివరిదాకా మార్చేశాను. ఆఖరి పుస్తకం దగ్గర ఉండగా చప్పుడైంది."

"మార్చేశావా?" ఇన్‌స్పెక్టర్ లేచి, కంప్యూటర్ తెరని భూతద్దం వైపు తిప్పాడు. "నిన్న సాయంత్రం ఈ గదికి తాళం వేసింది నేనే. ఫైలు తెరిచింది తెరిచినట్టే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నువ్వే చూడు వదినా. ఎక్కడ చుక్కలు?"

భూతద్దం ఒంటికాలి కళ్ళజోడుని చెవికి తగిలించి, రెండో వైపు చేత్తో పట్టుకుని చూసింది. ఒకదాని కింద ఒకటిగా పుస్తకాల పేర్లు. ప్రతి రచయిత పేరు తర్వాతా చక్కగా కామా. ప్రతి సంవత్సరం చుట్టూ చక్కగా బ్రాకెట్లు. ఒక్క కామా కూడా చుక్కగా మారలేదు.

"దీన్నే అబద్ధం అంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మధ్యాహ్నమంతా ఈ అమ్మాయి ఇక్కడ పని చెయ్యలేదు. పైన ఉంది."

"నేను చేశాను!" చుక్కలమ్మాయి ఒక్కసారిగా లేచి నిలబడింది. ఇందాకటిదాకా గొంతు పెగలని పిల్ల ఇప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. "ఎన్నిసార్లు చెయ్యాలి? ఎన్నిసార్లని చెయ్యాలి నేను? ఇప్పటికి ఎన్నిసార్లు మార్చానో లెక్క లేదు. రాత్రి మార్చి వెళ్తాను, పొద్దున్నే వచ్చేసరికి అన్నీ మళ్ళీ కామాలే! సార్ కాగితం తీసి చూసి, 'ఏం అమ్మాయ్, మళ్ళీ సోమరితనమా' అంటారు. మొదట నా కళ్ళే పాడయ్యాయనుకున్నాను. తర్వాత సారే కావాలని మార్చేస్తున్నారనుకున్నాను. ఇంక నాకు పిచ్చెక్కిపోతోంది!"

అని మళ్ళీ కూలబడి, చున్నీలో మొహం దాచుకుంది.

కానిస్టేబుల్, పాపం, అని నోట్లో అనుకుని, ఇన్‌స్పెక్టర్ చూపు చూసి మానేశాడు.

భూతద్దం మళ్ళీ తెర వైపు తిరిగింది. రాత్రి మార్చింది, పొద్దున్నకి తిరిగొచ్చింది. ఈ గోడు తను ఎక్కడో విన్నది కాదు, పడ్డది.

"కాగితం తీసి చూసేవారా?" అంది నెమ్మదిగా. "అంటే ప్రింటు తీసేవారా?"

"రోజూ రాత్రి వెళ్ళేముందు నా చేతే తీయించేవారు. తెర మీద చూస్తే ఆయనకి నచ్చదు."

"తెర మీద ఉన్నప్పుడు చుక్కలు ఉండేవి. కాగితం మీదికి వచ్చేసరికి కామాలు."

"అవును మేడమ్! తర్వాత తెర మీద చూస్తే అక్కడా కామాలే!"

ఇన్‌స్పెక్టర్‌కి విసుగు ముంచుకొచ్చింది. "వదినా, ఇది పోలీసు కేసు, వ్యాకరణం క్లాసు కాదు. కానిస్టేబుల్, ఆ కంప్యూటర్ విప్పు. స్టేషన్‌కి పట్టుకెళ్దాం."

కానిస్టేబుల్ గోడ దగ్గరికి వంగి స్విచ్ మీద వేలు పెట్టాడు.

"ముట్టుకున్నావంటే వేలు విరుస్తాను!"

ఆ కేకకి కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి గెంతాడు. ఇన్‌స్పెక్టర్ కూడా కొంచెం అదిరాడు గానీ పైకి కనపడనివ్వలేదు.

"నా మనిషిని బెదిరిస్తున్నావా?"

"మీ మనిషి ఆ స్విచ్ కట్టేస్తే ఈ పిల్ల బతుకు కూడా అక్కడే కట్టేసినట్టు. ఫైలు తెరిచే ఉంది కాబట్టి సరిపోయింది. ఒక్కసారి మూసి తెరిస్తే ఇంక దేవుడు దిగొచ్చినా చూపించలేడు. అందరూ దూరం జరగండి. మీరు కూడా మరిదిగారూ."

భూతద్దం కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. మౌసుతో ఒక పుస్తకం పేరు మీద నొక్కింది. ఆ ఒక్క పేరే కాదు, జాబితా మొత్తం పై నుంచి కింది దాకా బూడిదరంగులోకి మారింది, అదంతా ఒకే ముక్క అన్నట్టు.

ఆవిడ తల పట్టుకుంది. "ఓరి భగవంతుడా. మళ్ళీ ఇదేనా?"

"ఏమిటది?"

"మీ ఆవిడ థీసిస్, మరిదిగారూ."

"నా పెళ్ళాం థీసిస్‌కీ దీనికీ ఏంటి సంబంధం?"

"మీ పెళ్ళికి ముందు సంగతి. అది థీసిస్ ఇవ్వాల్సిన ముందురోజు నన్ను కూర్చోబెట్టి బిబ్లియోగ్రఫీ దిద్దించింది. చేత్తో దిద్దడం, ప్రింటు తియ్యడం, మళ్ళీ పాతదే రావడం. నేను కీబోర్డు విసిరికొట్టాను. మీ ఆవిడ నా మీద దిండు విసిరికొట్టింది. రెండు నెలలు మాటల్లేవు. ఎందుకో తర్వాత తెలిసింది." బూడిదరంగు మీద వేలితో తట్టింది. "ఇది ఎవరో టైపు చేసిన జాబితా కాదు. మెషిన్ తయారుచేసిన జాబితా. పుస్తకాల వివరాలన్నీ లోపల విడిగా ఎక్కించి పెట్టి ఉంటాయి. కామా ఎక్కడ, బ్రాకెట్ ఎక్కడ అన్నది మెషిన్ తన పద్ధతి ప్రకారం వేసుకుంటుంది. నువ్వు పైపైన ఎన్ని చుక్కలు పెట్టినా, ప్రింటు నొక్కగానే అది లోపలి వివరాలు చూసుకుని మొత్తం మళ్ళీ కొత్తగా రాసేస్తుంది. నీ కష్టమంతా ఒక్క క్షణంలో గంగపాలు. అలా చెయ్యమని సెట్టింగుల్లో ఎక్కడో ఒక టిక్కు పెట్టి ఉంటుంది. అంతే. ఆ టిక్కు తీసేస్తే అయిపోయేది."

చుక్కలమ్మాయి నోరు తెరిచి చూస్తోంది. "ఒక టిక్కా?"

"ఒక్క టిక్కు."

"నేను ఇన్ని నెలలూ..." ఆ పిల్లకి ఏడుపు రావాలో నవ్వు రావాలో తెలియక రెండూ కలిపి ఒక శబ్దం వచ్చింది.

"ఇదంతా బాగానే ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మార్చి ఉండొచ్చు అని చెప్పావు. మార్చిందని ఎక్కడ చూపించావు?"

"అందుకే స్విచ్ ముట్టుకోవద్దన్నాను. చేసిన పనిని ఒక్కో అడుగూ వెనక్కి తిప్పే బాణం ఒకటి ఉంటుంది. ఫైలు మూసేదాకా దానికి అన్నీ గుర్తుంటాయి." మౌసు బాణాన్ని పైన ఉన్న వంకర బాణం దాకా తీసుకెళ్ళి ఆపింది. "చూడండి. రెప్ప వెయ్యకండి."

నొక్కింది.

తెర మీద జాబితా ఒక్క కుదుపుతో కదిలింది. కామాలన్నీ పోయాయి. ప్రతి పేరు తర్వాతా చుక్క. బ్రాకెట్లు మాయం. అన్నిటికంటే కింద, ఆఖరి పుస్తకం దగ్గర మాత్రం కామా అలాగే ఉంది. చప్పుడు విని పిల్ల లేచి పరిగెత్తింది అక్కడే.

కానిస్టేబుల్ చప్పట్లు కొట్టబోయి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగి చాలాసేపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "ఇంకోసారి చెయ్యి," అన్నాడు.

భూతద్దం ముందుకు తిప్పే బాణం నొక్కింది. కామాలు వచ్చాయి. వెనక్కి నొక్కింది. చుక్కలు వచ్చాయి. ముందుకి. వెనక్కి. నాలుగోసారి నొక్కేటప్పుడు ఆవిడ వేలు ఆగిపోయింది.

జాబితా పొడుగు మారుతోంది.

కామాలున్నప్పుడు ఒక లైను ఎక్కువ. చుక్కలున్నప్పుడు ఒక లైను తక్కువ. మధ్యలో ఎక్కడో ఒక పుస్తకం వస్తోంది, పోతోంది.

ఆవిడ ఇంకోసారి ముందుకు తిప్పి, ఆ లైను పట్టుకుంది. అచ్చుకాని సిద్ధాంత గ్రంథం, ఎప్పటిదో, ముప్పయ్యేళ్ళ కిందటిది. తాళ్ళ వంతెనల మీద. రచయిత ఇంటిపేరు పెద్దాయన ఇంటిపేరే. దాని పక్కనున్న పొడి అక్షరం మాత్రం ఆయనది కాదు.

భూతద్దం కుర్చీ తిప్పి పిల్ల వైపు చూసింది. "నిన్న పొద్దున గొడవ కామాల గురించి కాదు, అవునా?"

చుక్కలమ్మాయి చున్నీ కొసని మళ్ళీ వేలికి చుట్టుకుంది.

"అమ్మాయ్, నేను నీ తరఫున వచ్చినదాన్ని. నా దగ్గర కూడా దాస్తే నా నెత్తి ఎక్కడ కొట్టుకోవాలి?"

"ఎవరికీ చెప్పొద్దని సార్ ఒట్టు పెట్టించుకున్నారు," అంది పిల్ల, వినీ వినపడకుండా. "ఆ ఒక్క లైను తీసెయ్యమన్నారు. తీశాను. ప్రింటు తీస్తే మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీశాను. మళ్ళీ వచ్చింది. నేనే కావాలని పెడుతున్నానని సార్ అనుమానం. 'ఎవరు చెప్పారు నీకు, ఆవిడ చెప్పిందా' అని అడిగారు. అందుకే అరిచాను. నాకేం తెలుసండీ? ఆ పేరు ఎవరిదో కూడా నాకు మొదట తెలియదు."

"తర్వాత తెలిసింది."

"తెలిసింది. పైన పుస్తకాల గదిలో ఆ గ్రంథం చూశాను. సార్ పుస్తకంలో మూడో ప్రకరణం దాదాపు అందులోదే. దాని అట్ట వెనకాల చేతిరాత కూడా నాకు తెలుసు. రోజూ నాకు అన్నం పెట్టే మనిషిది. ఆవిడకి తెలిస్తే ఏమైపోతారోనని..." ఆపేసింది.

ఇన్‌స్పెక్టర్‌కి కొంచెం ఆలస్యంగా వెలిగింది. "ఇంటావిడా? ఆవిడ థీసిస్సా?"

"మెల్లగా మాట్లాడండి. ఆవిడ వెనకగదిలోనే ఉంది. ఆసుపత్రికి బట్టలు పట్టుకెళ్ళడానికి వచ్చింది."

"ఉండనీ. నాకు ఇదంతా అనవసరం." ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు గానీ పట్టు తగ్గించలేదు. "నువ్వు చెప్పినదే చెప్తున్నాను విను. పిల్ల ఆఖరి పుస్తకం దాకా చుక్కలు పెట్టింది. ఆ తర్వాత ఎవరో ప్రింటు నొక్కారు కాబట్టి పోయాయి. సరే. ఆ నొక్కింది ఈ పిల్లే ఎందుకు కాకూడదు? నొక్కి, పైకి వెళ్ళి, తోసి ఉండొచ్చు."

"ఆఖరి పుస్తకం వదిలేసి ఎవరైనా ప్రింటు తీస్తారా?"

"కోర్టులో ఈ మాట నిలబడదు."

నిలబడదని భూతద్దానికి తెలుసు. పళ్ళు కొరుక్కుంటూ లేచి, బల్ల పక్కనున్న ప్రింటర్ దగ్గరికి వెళ్ళింది. బరువైన పాత ప్రింటర్. ముందు చిన్న గాజుపలక. దాని మీద మెరిసే అక్షరాలు: ఆఖరి పని, మూడు పేజీలు. దానికి ముందు పని, పుస్తకం మొత్తం.

"నువ్వు ప్రింటు తీస్తే ఎంత తీస్తావు?"

"మొత్తం, మేడమ్. సార్‌కి మొదట్నుంచి చివరిదాకా చేతిలో ఉండాలి."

"ఇక్కడ మూడు పేజీలే తీశారు. బిబ్లియోగ్రఫీ సరిగ్గా మూడు పేజీలు. ఆ కాగితాలు ట్రేలో లేవు, బల్ల మీద లేవు, చెత్తబుట్టలో లేవు. ఎవరో పట్టుకెళ్ళారు. పుస్తకం దొంగిలించేవాడైతే మొత్తం తీసుకునేవాడు. కేవలం ఆ మూడు పేజీలు ఎవరికి కావాలి?"

ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వుకున్నాడు. "తమ్ముడు?"

"ఆయన పైకి పరిగెత్తాడు, పిల్ల వెనకే. ఆ పైన అంబులెన్సు వచ్చేదాకా అన్న పక్కనే ఉన్నాడు."

"అయితే మిగిలింది... అబ్బే. ఆవిడకి కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా రాదు. నాతోనే చెప్పింది."

"నాతోనూ చెప్పింది," అంది భూతద్దం. చెప్పగానే నమ్మినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. "అమ్మాయ్, ఈ పుస్తకాల వివరాలు మెషిన్లోకి ఎక్కించింది నువ్వా?"

"కాదండీ. నేను వచ్చేసరికే ఉన్నాయి. అది మెషిన్ జాబితా అన్న సంగతే నాకు ఇప్పుడు తెలిసింది."

"సార్ ఎక్కించారా?"

"సార్ పెన్నుతోనే రాస్తారు. మౌసు పట్టుకోమంటే కోప్పడతారు."

"తమ్ముడు?"

"బాబాయిగారు టీవీ రిమోటే తిరగేసి పట్టుకుంటారండీ."

భూతద్దం ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. వందల పుస్తకాలు. ఒక్కొక్కదానికీ రచయిత, ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం, ఒక్క తప్పు లేకుండా ఎవరో ఓపిగ్గా కూర్చుని ఎక్కించారు. ఆ ఎవరో ఈ ఇంట్లోనే ఉన్నారు.

బయట జీపు హారన్ మోగింది.

"నాకు మనిషి కావాలి వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి గొంతులో వెటకారం లేదు. "బాణాలూ టిక్కులూ నేను మా డీఎస్పీకి చెప్తే నన్ను సెలవు పెట్టుకోమంటాడు. చప్పుడయ్యాక ఈ కుర్చీలో కూర్చున్నది నేను అని ఒక మనిషి నోటితో చెప్పాలి. పిల్ల కుర్చీలోంచి లేవడం నేను చూశాను అని చెప్పాలి. అలా చెప్తే ఇక్కడికిక్కడే వదిలేస్తాను. లేదంటే తీసుకెళ్ళక తప్పదు."

"అయిదు నిమిషాలు."

"తీసుకో. ఇంజిను ఆపమని చెప్తాను."

వెనకగది తలుపు సగం తెరిచి ఉంది. ఇంటావిడ మంచం మీద సంచీ పెట్టుకుని పెద్దాయన చొక్కాలు మడతపెడుతోంది. సన్నటి మనిషి. తల నెరిసినా జుట్టు ఒత్తుగా ఉంది. భూతద్దాన్ని చూడగానే చొక్కా వదిలేసి గుమ్మం దాకా వచ్చింది.

"పిల్లని వదిలేశారా?"

"ఇంకా లేదు."

"ఎందుకు? నువ్వేదో కనిపెట్టావని వినిపించింది. చుక్కలన్నీ మళ్ళీ కనపడ్డాయని ఆ పోలీసబ్బాయి అంటున్నాడు."

"కనపడ్డాయి. కానీ చివర్లో ప్రింటు తీసిందెవరో చెప్తేనే వదులుతాట్ట." భూతద్దం ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసింది. "ఆ మెషిన్లో పుస్తకాలన్నీ ఎక్కించింది మీరే కదండీ?"

ఇంటావిడ గుమ్మానికి ఆనుకుంది. "నాకు రాదని చెప్పుకోవడమే ఆయనకి ఇష్టం," అంది. "ఆయన చదివిన పుస్తకాలన్నీ ముందు నేను చదివినవే. ఎక్కించాను. అందులో ఒకటి నాది."

"నిన్న ఏం జరిగింది?"

"పొద్దున్న వాళ్ళు అరుచుకుంటుంటే 'ఆ లైను తీసెయ్' అన్న మాట చెవిన పడింది. ఏ లైనో నాకు తెలుసు. కానీ కళ్ళతో చూడకుండా మనిషిని ఎలా అనుకుంటాం? చూద్దామంటే ఆ పిల్ల కుర్చీ వదిలి లేవదు. వెనక నడవలో అటూ ఇటూ తిరిగాను." ఇంటావిడ గొంతు చాలా మామూలుగా ఉంది. "మూడు దాటాక పైన చప్పుడైంది. పిల్ల లేచి పరిగెత్తింది. కుర్చీ ఖాళీ అయింది."

"అప్పుడు మీరు?" అంది భూతద్దం.

"నేను పైకి వెళ్ళలేదు. ముందు ఆ కుర్చీలో కూర్చున్నాను," అంది ఇంటావిడ.

వీధి మెట్ల దగ్గర కానిస్టేబుల్ ఎవరితోనో ఏదో అంటున్నాడు. ఇంటావిడ వినలేదు. చీర మడతల్లోంచి నాలుగు మడతలు పెట్టిన మూడు కాగితాలు తీసింది. భూతద్దానికి ఇవ్వలేదు, చూపించింది.

"ఇదిగో. నా పేరు ఉంది. ఉందని చూసి ఎంత సంతోషపడ్డానో తెలుసా? అనవసరంగా అనుమానించానే అనుకున్నాను. పైన ఆయన పడి ఉన్నారు, కింద నేను ఈ కాగితం పట్టుకుని సంతోషపడుతున్నాను. అంబులెన్సు మోత వినపడితే గానీ కదల్లేదు. ఆ మాట నలుగురిలో ఎలా చెప్పను? మొగుడు పడితే పరిగెత్తకుండా ప్రింటు తీసుకుందని ఆయన తమ్ముడు రేపట్నుంచి వీధంతా చెప్పడూ? అందుకే నిన్ను పిలిచాను. నేను నోరు విప్పకుండా నువ్వే ఎలాగో పిల్లని విడిపిస్తావని."

"నా వల్ల కాదండీ. మీరు చెప్తేనే అవుతుంది. రెండే రెండు మాటలు. చప్పుడైనప్పుడు పిల్ల కింద ఉంది. నేను చూశాను. అంతే."

ఇంటావిడ కళ్ళు మూసుకుని తెరిచింది. ఒక క్షణం ఒప్పుకుంటుందనే అనిపించింది. సంచీ వైపు చూసింది, చొక్కా వైపు చూసింది. "సరే," అన్నట్టు పెదవులు కదిలాయి. కానీ బయటికి వేరే మాట వచ్చింది.

"ఇంతకీ నేనే తీశానని నువ్వు ఎలా పట్టుకున్నావు?"

భూతద్దం కళ్ళు ఆ కాగితాల మీదికి పోయాయి. పొద్దుట్నుంచి ఎవరెవరి మీదో వచ్చిన విసుగంతా ఇప్పుడు ఆ మెషిన్ మీదికి మళ్ళింది. ఎంత దిక్కుమాలిన టిక్కు. కామాలు వెనక్కి తెచ్చింది సరే, పేరు కూడా ఎందుకు తెచ్చింది?

"చెప్పు," అంది ఇంటావిడ. "వెనక్కి తిప్పితే చుక్కలు కనపడ్డాయన్నారు. ఇంకేం కనపడింది?"

"ఏం లేదండీ."

"నువ్వు అబద్ధం చెప్పలేవమ్మా. నీ మొహం సాయపడదు." ఇంటావిడ కాగితాల మీద వేలు పెట్టింది, సరిగ్గా ఆ లైను మీద. "నేను ప్రింటు నొక్కక ముందు ఇది ఉందా?"

వీధి మెట్ల దగ్గర్నుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వచ్చింది. "వదినా! టైమైంది. పిల్లని ఎక్కిస్తున్నాను!"

"ఒక్క నిమిషం మరిదిగారూ!" భూతద్దం వీధి వైపు అరిచి, మళ్ళీ ఇటు తిరిగింది. "రండి. దయచేసి రండి. ఆయన సంగతి తర్వాత. ఆ పిల్ల మీ గురించే నోరు మూసుకుని కూర్చుంది. ఆ లైను గురించి మీకు తెలియకూడదని."

"ఉందా, లేదా?"

భూతద్దం కళ్ళజోడు తీసేసింది. "లేదండీ. మీరు నొక్కబట్టే వచ్చింది."

ఇంటావిడ తల ఊపింది, బజారులో సరుకు లేదంటే ఊపినట్టు. కాగితాలు మళ్ళీ మడతల మీదే మడిచింది. ఒక మడత, ఇంకో మడత. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు రెక్క మీద చెయ్యి ఆనించింది.

"అమ్మా, పిల్ల..." అంది భూతద్దం.

భూతద్దం మొహం మీదే తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.